ఎల్మర్ పోల్సన్ కార్డు

మలేసియాలోని క్లాంగ్‌లో సామ్సన్ ఇంటికి ఎవరు వెళ్లినా అతని బేస్‌బాల్ కార్డులు చూడకుండా బయటపడలేరు. చూడటం వరకే, ముట్టుకోవడానికి వీల్లేదు. రబ్బరు గ్లవుజుల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఈ మనిషి మైదానంలో కూర్చుని బేస్‌బాల్ ఆట ఒక్కటీ చూసి ఎరగడు. కానీ ఎప్పుడో ఆడి, పోయిన అమెరికా ఆటగాళ్ల పేర్లు సొంత చుట్టాల పేర్లలా చెబుతాడు.

సామ్సన్ పుట్టి పెరిగింది సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటలో. అక్కడి స్కూలుకు అమెరికా నుంచి వాలంటీరుగా ఒక మాస్టారు వచ్చి పిల్లలకు బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ ఆట నేర్పాడు. తిరిగి వెళ్లేటప్పుడు, తాను చిన్నతనంలో దాచుకున్న కార్డులు కొన్ని సామ్సన్ చేతిలో పెట్టాడు. చిన్న అట్టముక్కలు. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనక అతని గురించి నాలుగు మాటలు. వాటిలో ఎల్మర్ పోల్సన్ ఒకడు. బంతి విసిరేవాడు, సామ్సన్‌లాగే ఎడమచేతివాటం. ఆటల్లేని చలికాలంలో నాన్నతో కలిసి ఆవుల పాలు పితుకుతాడని కార్డు వెనక రాసి ఉంది. చీకటితోనే లేచి రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీయడానికి పోయే నాన్నను చూస్తూ పెరిగిన పిల్లాడికి ఆ మాట ఎంతో నచ్చింది. అలాంటి ఇంటివాడి బొమ్మ కూడా అచ్చు వేస్తారన్నమాట.

ఉద్యోగంలో చేరాక సామ్సన్ ఇంకా కార్డులు కొన్నాడు. కొన్న ప్రతిదాన్నీ వాసన చూసేవాడు, అంచులు భూతద్దంలో చూసేవాడు. అమ్మినవాడి మాట ఎప్పుడూ నమ్మలేదు. అన్నీ ఒక పెద్ద ఆల్బంలో పెట్టాడు. మొదటి పేజీలో ఎల్మర్ ఒక్కడే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఫ్యాక్టరీలో తనతో పాటు పనిచేసిన స్నేహితుడు వీరాస్వామి వచ్చేవాడు. కార్డులు బయటికి తీసి పట్టుకునే హక్కు అతనికి ఒక్కడికే ఉండేది.

పోయిన ఏడాది ఒక మాల్‌లో పాత వస్తువులు సేకరించేవాళ్లు కలిశారు. అక్కడ ఫుట్‌బాల్ కార్డులు అమ్మే పువనేశన్ దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు చూపించాడు. ఈ కాలపు కాగితమైతే దాని కింద నీలంగా మెరుస్తుందట, పాతకాలపు అట్ట మెరవదట. సామ్సన్ అలాంటిదే ఒకటి కొని ఇంటికి తెచ్చి, కిటికీలు మూసి, కొన్న కార్డులన్నీ పరీక్షించాడు. ఒక్కటీ మెరవలేదు. తృప్తిగా ఆల్బం మూయబోతుంటే లైటు మొదటి పేజీ మీద పడింది. ఎల్మర్ పోల్సన్ ఉతికిన స్కూలు చొక్కాలా మెరిశాడు.

సామ్సన్ కార్డు బయటికి తీశాడు. ఎడమ మూల దగ్గర ఉండే మడత గీత కంటికి కనబడుతోంది, వేలికి తగలడం లేదు. గీతతో సహా అచ్చు వేశారు.

ఎవరు? తలుపులు బద్దలు కొట్టి దొంగలెవరూ రాలేదు. భార్య డోరతీకి ఏ కార్డు ఏదో తెలియదు. అప్పుడు అతనికి వరద వచ్చిన సంవత్సరం గుర్తొచ్చింది. తాను గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు. ఇల్లు కడగడానికి, సామాన్లు సర్దడానికి వచ్చింది వీరాస్వామే.

తర్వాతి ఆదివారం ఆల్బం టేబుల్ మీద పెట్టి, టీ తెస్తానని లోపలికి వెళ్లి, తెర సందులోంచి చూశాడు. వీరాస్వామి మొదటి పేజీ చూడకుండానే తిప్పేశాడు. అంతకుముందు ఆ పేజీ దగ్గర ఆగకుండా ముందుకు పోయేవాడు కాదు. అలా తిప్పేయడం ఎప్పటినుంచో జరుగుతోందేమో, తానే గమనించలేదేమో అనిపించింది సామ్సన్‌కు.

టీ కప్పులు పెట్టి, ఎల్మర్ కార్డు తీసి అతని ముందు పడేశాడు.

"ఇది ఏటిరా?"

వీరాస్వామి కార్డు వైపు చూశాడు. "నన్నడగొద్దురా."

"నిన్ను కాక ఎవర్ని అడగాలి? నా అసలు కార్డు ఏటి సేసినావు? అమ్మేసినావా?"

వీరాస్వామి టీ ముట్టకుండానే లేచాడు.

"ఇక రావద్దు" అన్నాడు సామ్సన్.

"సరే లా" అని అక్కడివాళ్ల ఊతపదంతోనే అనేసి వీరాస్వామి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గేటు బయట మోటార్‌సైకిల్ స్టార్టయ్యే చప్పుడు వినబడే దాకా సామ్సన్ కదల్లేదు. కాదని ఒక్క మాట అనలేదంటే నేరం ఒప్పుకున్నట్టేగా అనుకున్నాడు.

ఆ తర్వాత సామ్సన్ తలుపు తాళం మార్పించాడు. పొద్దస్తమానం ఫోన్‌లో అమ్మకపు సైట్లు వెతికేవాడు. పాత అట్ట దేనికైనా ఎడమ మూల మడత కనిపిస్తే నాదేనంటూ పెద్దది చేసి చూసేవాడు. చివరికి పువనేశన్‌కు ఫోన్ చేశాడు.

"వీరాస్వామి అని ఒకడు కార్డులు అమ్మడానికి వస్తే నాకు సెప్పు. మీ వాళ్లందరికీ సెప్పి ఉంచు. వాడు దొంగ."

ఫోన్ పెట్టి తిరిగితే వంటగది గుమ్మంలో డోరతీ నిలబడి ఉంది.

"ఏటండీ ఆ మాట? వీరాస్వామి అన్నని దొంగంటారేటి?"

"నీకు తెలీదు, నువ్వు ఊరుకో."

"నాకే తెలుసు" అంది డోరతీ. ఎదురుగా కూర్చుని చెప్పింది. "నీళ్లొచ్చినప్పుడు ఆల్బం కింది అరలో బోర్లా ఉన్నాది. నాను మంచం, బియ్యం సూసుకున్నాను, దాన్ని మరిసిపోనాను. అన్న నడుం లోతు నీళ్లలో వచ్చి నెత్తి మీద పెట్టుకుని మేడ మీదకి తీసుకెళ్లినాడు. మిగతావి తడి తగల్లేదు. మొదటి పేజీలోకి నీళ్లెళ్లిపోనాయి. ఆ కార్డు తీస్తుంటే బొమ్మ ప్లాస్టిక్‌కి అంటుకుని సిరిగిపోనాది."

సామ్సన్ ఆల్బం దగ్గరికి లాక్కున్నాడు.

"మీకు అప్పుడే గుండె కోసినారు. బాధ పెట్టే కబురేదీ సెప్పొద్దన్నాడు డాక్టరు. అన్న ఫోన్‌లో ఎప్పుడో రెండు వైపులా తీసిన ఆ కార్డు ఫొటోలు ఉన్నాయి. పెళ్లి కార్డులు అచ్చేసే షాపులో సేయించినాడు. మీరు కోలుకున్నాక సెబుదామన్నాడు. మీరు తట్టుకోలేరని నానే వద్దన్నాను. ఒట్టేయించుకున్నాను."

"మిగతావన్నీ నిజంగా నావేనా?"

"నన్ను కూడా లైటేసి సూడండి" అని డోరతీ లేచి వెళ్లిపోయింది.

సామ్సన్ ముందు పువనేశన్‌కు ఫోన్ చేసి, తాను అన్నది తప్పని, ఆ మాట ఎవరెవరికి చేరిందో అందరికీ చెప్పమని బతిమాలాడు. తర్వాత వీరాస్వామి ఇంటికి వెళ్లాడు. ఇనప గేటు అవతల బట్టలు ఆరేస్తున్న వీరాస్వామి తాళం తీయలేదు.

"ఇప్పుడేటి పోనాది?" అన్నాడు.

"ఏటీ పోలేదురా. డోరతీ సెప్పినాది. తప్పు నాదే."

వీరాస్వామి చేతిలోని లుంగీ దులిపి తీగ మీద వేశాడు.

"అంత మాటన్నప్పుడైనా సెప్పాలి కదరా" అన్నాడు సామ్సన్.

"ఒట్టేసినాను కదా లా. నువ్వే అనుకుంటావులే అనుకున్నాను, వీడు అలాటోడు కాదని."

బట్టలన్నీ ఆరేశాక వీరాస్వామి తాళం తీసి లోపలికి రమ్మన్నాడు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు గానీ మాటలు ఎక్కువ సాగలేదు.

వీరాస్వామి ఇప్పుడు మళ్లీ ఆదివారాలు వస్తున్నాడు. టీ తాగుతాడు, నవ్వుతాడు, ఆటగాళ్ల గురించి అడుగుతాడు. కానీ ఆల్బం ముందుకు జరిపితే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "నువ్వే తిప్పురా, నాను సూస్తాను" అంటాడు. సామ్సన్ ఎంత చెప్పినా కార్డు ముట్టుకోడు.