మెట్ల దగ్గర సంపెంగ, కుండీ కింద రేకు

నిన్న పొద్దున కాలేజీ పాత హాలు మెట్ల దగ్గర సంపెంగకి నీళ్ళు పెడుతున్నాను. మా ఆయన సైకిల్‌కి స్టాండ్ కూడా వెయ్యకుండా వచ్చి, "దుర్గా, సుభద్ర మేడమ్ గారు పోయారే. హార్ట్ ఎటాక్ అంట" అన్నారు.

పాదు నిండి నీళ్ళు మెట్ల మీదికి పారుతున్నాయి. పైపు పక్కన పెట్టాలని కూడా తోచలేదు.

ఈ వార్త చూసి గ్రూపులో మీ అందరికీ ఏడుపొచ్చి ఉంటుంది.

నాకు ముందు కోపమొచ్చింది.

ఈసారి ఎలాగైనా ఆవిణ్ణి ఒక మాట అడుగుదామనుకున్నాను.

నేను కాలేజీ తోటమాలి భార్యని. మీలో చాలామందికి నా మొహం తెలుసు, గొంతు తెలీదు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నన్ను ఈ తోట గ్రూపులో చేర్చి, కంప్యూటర్‌లో తెలుగు టైపు చెయ్యడం నేర్పింది మేడమే. ఆవిడ నేర్పినదాంతోనే ఆవిడ మీద రాస్తున్నాను.

బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యాక కూడా ఆవిడకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. పాత స్టూడెంట్ల ఇళ్ళకి వెళ్ళి మరీ కాలేజీకి సాయం అడిగేవారు. మీరిచ్చినవాటితోనే తోటకి బోరు పడింది, హాలు టేకు కిటికీలు బాగయ్యాయి, రోజాల మడి వచ్చింది. ఎవరేమిచ్చినా వాళ్ళ పేరుతో ఒక రేకు బోర్డు.

ఒకరోజు నాతో అన్నారు, "డబ్బిచ్చినా మొక్కిచ్చినా ఒకటే దుర్గా. ఇచ్చినవాళ్ళ పేరు ఉండాల్సిందే."

ఆ మాట పట్టుకునే మా అమ్మ సంపెంగ తెచ్చి హాలు మెట్ల దగ్గర నాటాను.

మా అమ్మ కడియంలో నర్సరీల్లో కూలికి అంటుమొక్కలు కట్టేది. మామిడి, సపోటా, సంపెంగ. ఆవిడ చేతి మొక్కలు లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు. కూలిమనిషి పేరు ఎవరు రాస్తారు?

పోయే ముందు తనకోసమని కట్టుకున్న చివరి అంటు అది.

బోర్డు మేడమ్ నా చేతే రాయించారు. నల్ల రేకు, తెల్ల పెయింటు. బ్రష్ పట్టుకుంటే నా చెయ్యి ఒకటే వణుకు. "వణికితే వణకనీ. పెయింటర్ రాస్తే అందంగా ఉంటుంది గానీ, నువ్వు రాస్తే మీ అమ్మకి అందుతుంది" అన్నారు.

"అప్పాయమ్మ, కడియం" అని రాశాను. జీవితంలో అంత పెద్ద అక్షరాలు ఎప్పుడూ రాయలేదు.

బోర్డు పెట్టే ఫంక్షన్ రోజు కొత్త చీర కట్టుకుని వెనక వరసలో నిలబడ్డాను. చప్పట్ల మధ్య గుడ్డ తీశారు.

రేకు లేదు. గ్రానైట్ పలక ఉంది. దాని మీద రైసు మిల్లు ఆయన పేరు.

జనం వెళ్ళాక మేడమ్ నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "హాలు కప్పంతా ఆయనే వేయిస్తున్నాడే. మెట్ల దగ్గర ఇంకో పేరు ఉండకూడదన్నాడు. పెచ్చులూడి పిల్లల నెత్తిన పడుతున్నాయి, నన్నేం చెయ్యమంటావు? వచ్చే ఏడు నీ బోర్డు నేనే పెడతాగా."

"అలాగేనండి" అన్నాను.

నాకు వచ్చిన మాట అదొక్కటే.

కప్పు బాగా వేశారు. వానకి ఒక్క చుక్క కారడం లేదు, అబద్ధం చెప్పను. కానీ వచ్చే ఏడు మూడుసార్లు వచ్చి వెళ్ళింది. మేడమ్ రోజూ నాతో మాట్లాడేవారు. ఎరువు గురించి, చీడ గురించి, మా పాప చదువు గురించి. ఆ బోర్డు గురించి మాత్రం మాట్లాడలేదు.

నిన్న ఆవిణ్ణి పడుకోబెట్టడానికి వాళ్ళింటి వరండా ఖాళీ చేస్తుంటే, క్రోటన్ కుండీ నేను ఎత్తాను. కింద ఒక రేకు, బోర్లా ఉంది. అంచులు తుప్పు పట్టాయి.

తిప్పాను.

మా అమ్మ పేరు. పెయింటు ఎక్కడా చెదరలేదు.

మేడమ్ కోడలు చూసి, "అది కదపనిచ్చేవారు కాదండి అత్తయ్యగారు. ఎందుకో మరి" అంది.

సిగ్గుపడి దాచారా మేడమ్? గచ్చుకి మరక పడకుండా వేసుకున్నారా? రోజూ ఆ కుండీకి నీళ్ళు పోశారు కదా, ఒక్కరోజైనా కింద ఎవరున్నారో గుర్తొచ్చిందా?

అడగడానికి మీరు లేరు. మీరు ఉన్నప్పుడు నాకు నోరు లేదు.

రేకు ఇంటికి తెచ్చుకున్నాను. ఈ పొద్దున పురికొసతో సంపెంగకి కట్టాను. కాండానికి ఒరుసుకోకుండా గుడ్డ చుట్టి మరీ కట్టాను.

వాచ్‌మన్ వచ్చాడు. "ఎవర్నడిగి కట్టావమ్మాయ్?"

"మా అమ్మనడిగి."

నా గొంతు అంత పైకి లేవడం నేనూ అప్పుడే విన్నాను.

మిల్లు వారు ఈ గ్రూపులో ఉంటే చదువుకోనివ్వండి. మీ పలక మీది, మా చెట్టు మాది. బోర్డు తీసేస్తే మళ్ళీ రాస్తాను. ఇప్పుడు చెయ్యి వణకదు.

మేడమ్, మీ మీద కోపం తగ్గలేదు. అయినా నిన్న మీ పాదాల దగ్గర పెట్టిన సంపెంగలు ఆ చెట్టువే. ఎవరి పూలో మీకు తెలుసు.

నిమ్మళంగా నిద్రపోండి. పాదుకి నీళ్ళు నేను పెడతాను.