సిమెంటు వెనక సున్నపు గోడ

1985లో నేను టెక్సస్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో స్ట్రక్చరల్ ఇంజనీరుని. కట్టడం నిలుస్తుందో కూలుతుందో తేల్చి, రిపోర్టు కింద నా లైసెన్స్ ముద్ర వేయడం నా పని. దాన్ని పీఈ సీల్ అంటారు. అది పడ్డాక ఏం జరిగినా బాధ్యత నాదే.

ఆ వేసవిలో మా బాస్ ఒక ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక చిన్న ఊళ్లోని పాత సైనికుల బారక్. టెక్సస్ ఒకప్పుడు మెక్సికోకి ఉత్తరపు సరిహద్దు. 1835లో అక్కడి జనం తమ ప్రభుత్వం మీదే తుపాకులు పట్టి, మరుసటి ఏడు స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఆ తిరుగుబాటుదారులు కొందరు తలదాచుకున్న చోటిది. నూట యాభయ్యో ఏడు వస్తోందని ఊరు సంబరాలకి సిద్ధమవుతుంటే, మిగిలిన ఒక్క గోడా పొట్ట ఉబ్బి కూర్చుంది. ముందొచ్చిన ఇంజనీరు దాన్ని కూల్చి కాంక్రీట్ బ్లాకులతో కొత్తది కట్టమని రాసేశాడు.

"రెండో సంతకం కావాలట. వెళ్లి పెట్టేసి రా" అన్నాడు బాస్. చూడకుండా సంతకం పెట్టే రకాన్ని కాదని అతనికీ తెలుసు.

గోడ దగ్గర అరవై దాటిన మనిషి నాకోసం కాచుకుని ఉన్నాడు. పేరు ఎమిలియో, ఆ ఊరి తాపీ మేస్త్రీ.

"మీరూ కూల్చమనడానికేనా?" అన్నాడు.

"ముందు చూడనివ్వండి."

"మా ముత్తాత తండ్రి ఈ గోడ వెనక నిలబడి పోరాడాడు. ఫిరంగి దెబ్బకి పడ్డచోటల్లా మళ్లీ కట్టిందీ ఆయనే. కూడలిలో రాతిపలక మీద అందరి పేర్లూ ఉన్నాయి, మావాడిది తప్ప. పైగా మెక్సికన్ పేర్లు కదా, ఆ పోరులో మీవాళ్లు ఎటువైపు అని మమ్మల్నే అడుగుతారు. ఈ గోడా పోతే నా మనవలకి ఏం చూపించను?"

మనసు చివుక్కుమంది. సుత్తితో గోడంతా తట్టి విన్నాను. దీన్ని సౌండింగ్ అంటారు. ఉబ్బినచోటల్లా డొల్లగా పలికింది. అంటే పైపూత గోడని వదిలేసింది. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు సున్నపు గోడకి సిమెంటు పూశాడు. "సున్నం తాగిన నీళ్లు కక్కేస్తుందే అమ్మాయ్, సిమెంటు కక్కనివ్వదు" అనేవాడు మా నాన్న. ఎమిలియో చేత జానెడు మేర పూత కొట్టించాను. పెచ్చు ఊడిపడింది. వెనక రాళ్లు తడిగా ఉన్నాయి. దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తే, గోడ మాత్రం నిటారుగా ఉంది.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. మా నాన్న తాపీ మేస్త్రీ అని అమెరికాలో నేను ఎవరికీ చెప్పలేదు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందులకి బయల్దేరే ముందు మా ఆయన, "మామయ్యగారి గురించి అడిగితే కన్‌స్ట్రక్షన్ బిజినెస్ అని చెప్పెయ్. డీటెయిల్స్ ఎందుకు?" అనేవారు. నేనూ అలాగే చెప్పేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కౌంటీ అంటే అక్కడి జిల్లా. గోడ సంగతి తేల్చే కౌంటీ బోర్డు మీటింగ్‌లో లేచి, సిమెంటు తీసేసి, గోడని ఆరనిచ్చి, సున్నమే పూయండి, కూల్చే పనిలేదు అన్నాను. ఒక పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని, "సున్నం మీద అంత నమ్మకమా? ఏ యూనివర్సిటీలో చదివారేమిటి?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వెనక వరసలో ఎమిలియో టోపీ ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"యూనివర్సిటీలో సిమెంటు నేర్పారు. సున్నం మా నాన్న నేర్పాడు. ఆయన తాపీ మేస్త్రీ. చిన్నప్పుడు సెలవులొస్తే ఆయన పక్కన కూర్చుని సున్నం కలిపేదాన్ని. నా సీల్ వేసి ఇస్తాను, తీసుకోండి."

 తరవాత ఓటు పెట్టారు. గోడ నిలిచింది.

మరుసటి వసంతానికి ఎమిలియో పూత పూర్తిచేశాడు. చివరి రోజు నన్ను పిలిపించి, వంగితేనే కనిపించేంత కింద, తడి సున్నంలో తన ముత్తాత తండ్రి పేరు మేకుతో గీశాడు. మేకు నా చేతికిచ్చి, "మీ నాన్న పేరు కూడా రాయండి. ఈ గోడని ఆయన కూడా నిలబెట్టాడు" అన్నాడు.

ఇంజనీరుగా నేను వద్దనాల్సిన పని. మోకాళ్ల మీద కూర్చుని తెలుగులో రాశాను, మేస్త్రీ అప్పలస్వామి అని.

ఏ కట్టడం చూడబోయినా, దాన్ని దేనితో కట్టారు, ఎవరు కట్టారు అని ముందు అడగడం నాకు ఆ గోడే నేర్పింది. మా నాన్న ఏం చేసేవారని ఇప్పుడు ఎవరూ అడగనక్కర్లేదు, నేనే ముందు చెబుతాను.