ముందరి పన్ను

నాది కాని పన్ను ఒకటి ఇన్నేళ్ళుగా నన్ను సలుపుతోంది. మావారికి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా మొహం చూడరు కనుక.

డెబ్బైల చివర్లో మస్కట్ దగ్గర మత్రాలో, సముద్రం ఒడ్డునున్న పళ్ళ క్లినిక్‌లో అసిస్టెంటుగా చేశాను. డాక్టరు ఈజిప్టు ఆయన. ఆయన ఇంగ్లీషులో అన్నది మనవాళ్ళకు తెలుగులో చెప్పడమూ నా పనే. ఇప్పుడు తలచుకుంటే అదంతా నీళ్ళ అడుగున జరిగినట్టుంటుంది. ఏసీ హోరు, లవంగ నూనె వాసన, కిటికీ తెర మీద మెల్లగా ఊగే సముద్రపు వెలుగు.

ఒక గురువారం, క్లినిక్ మూసే వేళకు, దూరాన నిజ్వాలో కంపెనీ కట్టుబడి పని చేసే కరీంనగర్ అతనొకడు వచ్చాడు. పైవరుసలో ముందరి పన్నుకు చీము పట్టింది. డాక్టరు చూసి, "పన్ను బతుకుతుంది. ఇవాళ వేరు శుభ్రం చేసి మందు పెడతాను. ఇంకో మూడుసార్లు రాగలడేమో అడుగు" అన్నారు.

అది మొదలుపెడితే సాయంత్రం అక్కడే అయిపోతుంది. ఆ సాయంత్రం మావారు నన్ను పడవ ఎక్కిస్తానన్నారు. ఒమాన్ వచ్చాక మా మొదటి షికారు. కట్టుకోవడానికి చీర కూడా సంచిలో తెచ్చుకున్నాను.

"పీకెయ్యాలంటున్నారు" అన్నాను అతనితో.

"ముంగటి పన్ను గదక్కా. వచ్చే నెల నా పెండ్లి. ఇంకో తీరుగ కాదా?"

"కాదు."

"ఈళ్ల మాట నాకెరుక లేదు. నువ్వు మనోళ్ల మనిషివి గద. నువ్వెట్లంటే గట్లనే" అని నోరు తెరిచాడు.

డాక్టరుతోనేమో, కంపెనీ మళ్ళీ పంపదట, పీకెయ్యమంటున్నాడు అని చెప్పాను. ఆయనా నమ్మారు. పీకుతున్నప్పుడు అతని తల పట్టుకున్నది నేనే. పోతూ పోతూ, దూది కరిచిపట్టుకునే నాకు దండం పెట్టాడు.

పడవ బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. కొండలు గులాబీ రంగుకు తిరుగుతుంటే మావారి భుజం మీద తల వాల్చి నవ్వాను కూడా. నవ్వు ఎలా వచ్చింది నాకు?

కంపెనీ నిజంగానే పంపేది కాదేమో. చాలా ఏళ్ళు ఆ మాటనే పట్టుకుని వేలాడాను. కానీ ఆ మాట చెప్పాల్సింది అతను. నేనసలు అడగనేలేదు. పెళ్ళిపీటల మీద అతను పెదవులు బిగించుకునే కూర్చున్నాడా? ఆ అమ్మాయి ఏమనుకుంది? పాపం, ఆసుపత్రిలో ఒక అక్క ఎంతో సాయం చేసిందని ఆమెకు చెప్పాడా?

ఆ పన్ను బతికేది. నేనే పీకించాను. ఇదిగో, అనేశాను.