సంతకి ఒక్కటే మార్పు

ఇప్పుడు నువ్వు తుమ్మావు చూడు, గడప దాటబోతున్న మీ అమ్మ ఆగిపోయింది. వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి అప్పుడు బయల్దేరింది. బస్సు తప్పిపోతుందని తెలుసు, అయినా కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. ఆ తుమ్ము చప్పుడు చెవిన పడగానే రాయగడలో మా పాత ఇల్లు, ఎండుమిరపకాయల ఘాటు నిండిన ముందు గది, ఫినాయిలు వాసన వేసే ఒక సన్నటి మనిషి కళ్ళ ముందుకొచ్చారు. రాసుకుంటానన్నావు కదా, రాసుకో. ఆయన పేరు సింహాచలం బాబు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మనకి చుట్టం కాదు, నాకు పాఠం చెప్పిన మాస్టారూ కాదు. కానీ ఏ చిక్కు వచ్చినా నేను కంగారు పడకుండా కూర్చుని ఆలోచిస్తానని మీ నాన్న అంటాడే, అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

తొంభైల మధ్య మాట ఇది. మీ నాన్న అప్పుడు స్కూలుకి వెళ్ళే పిల్లాడు. అందరం మా మావయ్యగారితోనే, అంటే మీ తాతయ్య నాన్నగారితోనే ఉండేవాళ్ళం. ఆయన కొట్టు బజార్లో ఉన్నా సరుకంతా ఇంటి ముందు గదిలోనే. చింతపండు, పసుపు, మిరపకాయల బస్తాలు గోడకి ఆనించి ఉండేవి. మావయ్య వారం వారం జీపులో కల్యాణసింగ్‌పూర్ సంతకి వెళ్ళి, కొండ మీంచి దిగే సరుకు కొనుక్కొచ్చేవారు. బస్తాలకి ఎలకలు రాకుండా మా అత్తయ్య ఒక పిల్లిని సాకింది. రాగుల రంగు పిల్లి. రాగుల్ని మా వైపు సోళ్ళంటారు, అందుకని దాని పేరు సోడి. అత్తయ్య మంచం పట్టినప్పుడు అది ఆవిడ కాళ్ళ దగ్గరే పడుకునేది. పోయే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నాను లేనని సోడిని బయటికి తోలీకండి, అమ్మీ. నువ్వు సూసుకో" అంది. నేను సరేనన్నాను.

అత్తయ్య పోయిన కొద్ది రోజులకే సోడి తుమ్మడం మొదలెట్టింది. ఒకటీ రెండూ కాదు, వరసపెట్టి నాలుగైదు. అదీ పొద్దుటి పూట. మావయ్య స్నానం చేసి, అత్తయ్య పటం ముందు అగరొత్తులు వెలిగించి, దణ్ణం పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని గడప మీద కాలు పెట్టేసరికి తుమ్ము. ఆయన వెనక్కి వచ్చి కూర్చునేవారు. నీళ్ళు తాగి, అపశకునం పోవాలని పటం ముందు ఇంకో రెండు అగరొత్తులు వెలిగించి లేచేవారు. మళ్ళీ తుమ్ము. ఒక సంత రోజు ఆయన అలా లేస్తూ కూర్చుంటూ ఉంటే, జీపువాడు హారను కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు.

"వచ్చే వారం దీన్ని బుట్టలో పెట్టి నాతో తీసుకుపోతాను. కల్యాణసింగ్‌పూర్‌లో వదిలేస్తాను. ఎవడి గాదె దగ్గరైనా బతుకుతాది" అన్నారు మావయ్య.

ఆయన మాటకి నేను అంతకు ముందెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు మాత్రం, "నాలుగు సంతలు ఆగండి మావయ్యా. అప్పటికీ తుమ్మితే బుట్ట నేనే సర్ది ఇస్తాను" అన్నాను. మీ తాతయ్య పక్క నుంచి, "మా ఆవిడ పిల్లి తరఫున ప్లీడరయ్యింది" అని నవ్వారు. మావయ్య నవ్వలేదు. నాలుగు సంతలకి ఒప్పుకున్నారు.

మర్నాడే సోడిని బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గొరు డాక్తరఖానా అంటారు అక్కడ ఒరియాలో, గొరు అంటే ఆవులూ ఎద్దులూ. పిల్లితో వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. వరసలో మేకని పట్టుకున్న ఒకావిడ, "పిల్లిని తెచ్చింది. రేపు ఎలకని కూడా తెస్తాదేటో" అంది. అందరూ నవ్వారు. డాక్టరుగారు పల్లెలకి క్యాంపు వెళ్ళారట. సింహాచలం బాబు ఒక్కరే ఉన్నారు. గుణుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే తెలుగువాళ్ళ పిల్లాడు ఆయన. నవ్వకుండా సోడిని బల్ల మీద పెట్టి, ముక్కు చూశారు, కళ్ళు చూశారు, చెవులు పట్టుకుని చూశారు.

"సీమిడి పచ్చగా లేదు. జొరం లేదు. తిండి తింటన్నాదా?"

"నాకంటే బాగా తింటాది."

"అయితే పడిశం కాదమ్మా. దీనికి ఏదో పడతన్లేదు."

"మిరపకాయలే బాబూ, ఇంకేటుంటాది. ఇల్లంతా అవే కదా."

"మిరపకాయలు ఎన్నాళ్ళ బట్టి ఉన్నాయి?"

"నా పెళ్ళికి ముందు నుంచీ."

"మరి తుమ్ములు?"

"మా అత్తయ్య పోయిన కాడ్నించీ. దిగులెట్టుకుందంటన్నారు అందరూ."

"దిగులు పొద్దుట పూటే వస్తాదేటమ్మా?" అన్నారాయన.

ఆయన గోడకున్న పాత క్యాలెండరు నుంచి ఒక కాగితం చింపి, వెనక వైపు తిప్పి నా చేతికిచ్చారు. ఎప్పుడు తుమ్మిందో, ఏ గదిలోనో, అప్పుడు పక్కన ఏముందో రాయమన్నారు. నాలుగు సంతల గడువు సంగతి చెబితే, "సంతకీ సంతకీ మధ్యన ఒక్కటే మార్చు. రెండు మార్చేవంటే నీ కష్టం ఏట్లో కలిసినట్టే" అన్నారు.

"మందేటీ ఇవ్వరా?" అని అడిగాను. అప్పుడు ఆయన ఒక సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ఎద్దుకి కడుపుబ్బరం వస్తే, మందూ పోశారట, మేతా మార్పించారట. ఎద్దు లేచింది. నెల తిరక్కుండా పక్కింటి ఎద్దుకి అదే వస్తే మందు ఒక్కటే పోశారు. అది చచ్చిపోయింది. "మొదటిదాన్ని బతికించింది మందో మేతో నాకు ఇప్పటికీ తెలవదు. ఎద్దు పోయిన రైతు మొహం మాత్రం తెలుసు" అన్నారు. మేకావిడ కూడా అప్పుడు నవ్వలేదు.

మొదటి వారం మిరపకాయల బస్తాలు వెనక గదిలోకి మార్పించాను. మీ తాతయ్య నడుం పట్టుకుని రెండు రోజులు మూలిగారు. సోడి తుమ్మింది. రెండో వారం అది పడుకునే పాత గోనె తీసేసి, ఉతికిన చీర వేశాను. తుమ్మింది. కాగితం మీద చూస్తే అన్నీ ముందు గదిలోనే, అన్నీ పొద్దుటే. ఆ వేళకి ఆ గదిలో ఇంక రెండే ఉన్నాయి, రెండూ అత్తయ్య పోయాక కొత్తగా వచ్చినవే. నేను గచ్చు తుడిచే ఫినాయిలు, మావయ్య వెలిగించే అగరొత్తులు. రెండే సంతలు మిగిలాయి. నాకు ఓపిక చాలలేదు. ఫినాయిలు మానేశాను, అదే రోజు అగరొత్తుల పొట్లాం బియ్యం డబ్బాలో దాచేశాను. "అగరొత్తులేవి?" అని మావయ్య అడిగితే, "అయిపోయేయి, తెప్పిస్తాను" అని అబద్ధమాడాను. మర్నాటి నుంచి ఒక్క తుమ్ము లేదు. సంత రోజున మావయ్య ఒక్కసారికే గడప దాటారు.

కాగితం పట్టుకుని ఆసుపత్రికి దాదాపు పరిగెత్తాను. సింహాచలం బాబు చదివి, "రెండిట్లో ఏది?" అన్నారు.

"ఏదో ఒకటి బాబూ. తుమ్ము పోయింది కదా."

"ఏదైతే బాగుణ్ణని ఉంది నీకు?"

"ఫినాయిలు" అన్నాను. అగరొత్తులైతే మావయ్యతో ఎలా చెప్పను? ఆవిడ పోయాక ఆయన ఆవిడ కోసం చేసే పని అదొక్కటే.

"అందుకే రెండూ వెనక్కి పెట్టు, ఒకదాని తరవాత ఒకటి. ముందు ఫినాయిలు."

"మళ్ళీ తుమ్ముతాది కదా?"

"తుమ్మనీ. తుమ్మించే తెలుసుకో. తెలవకుండా బాగవడం కంటే అది మేలు."

మావయ్య అగరొత్తులు అడిగినప్పుడల్లా రేపు తెప్పిస్తానంటూ, ఫినాయిలుతో గది తుడిచాను. వారమంతా సోడి తుమ్మలేదు. ఇంక మిగిలింది అగరొత్తులే. నాలుగో సంత పొద్దున్న పొట్లాం తీసి, నా చేత్తో నేనే పటం దగ్గర పెట్టాను. మావయ్య వెలిగించారు, దణ్ణం పెట్టుకున్నారు, సంచీ వేసుకున్నారు. గడప మీద కాలు పెట్టగానే సోడి తుమ్మింది. ఐదు సార్లు.

మావయ్య సంచీ దించారు. "నాలుగు సంతలూ అయిపోయేయి. బుట్ట తే."

"అది మీ ప్రయాణానికి తుమ్మట్లేదు మావయ్యా, అగరొత్తులకి తుమ్ముతోంది" అన్నాను. పొట్లాం దాచిన సంగతి కూడా చెప్పేశాను. బుట్ట మాత్రం తేలేదు.

"అంటే, పిల్లి కోసం మీ అత్తకి అగరొత్తులు మానమంటావేటి?"

"నేను మానమన్లేదు. మీరే సూసుకోండి." కాగితం ఆయన చేతిలో పెట్టాను.

మావయ్య చింతపండు ముద్ద విరిచి లోపల చూడకుండా కొనే మనిషి కాదు. కాగితం రెండు సార్లు చదివారు. బయట జీపువాడు హారను కొడితే, "నువ్వెల్లు" అని కేకేశారు. తలుపులన్నీ తెరిచి, అగరొత్తులు ఆర్పారు. నేనెరిగినంతలో మొదటిసారి సోడిని ఎత్తుకుని పెరటి వరండాలో కూర్చున్నారు. చాలాసేపు ఊరుకున్నారు, అది తుమ్మలేదు. ఒక్క అగరొత్తి వెలిగించారు, తుమ్మింది. ఆర్పి, గాలి ఆడనిచ్చి, మళ్ళీ వెలిగించారు. మళ్ళీ తుమ్మింది. మూడోసారి వెలిగించబోయి అగ్గిపెట్టె కింద పెట్టేశారు.

"మీ అత్తకీ పొగ పడేది కాదు" అన్నారు. "ఈ ఇంట్లో కట్టెల పొయ్యి దగ్గర నలభై ఏళ్ళు దగ్గింది. నాను ఏనాడూ అడగలేదు."

మర్నాటి నుంచి పటం దగ్గర రెండు బంతిపూలు. అగరొత్తులు కొట్టుకి వెళ్ళిపోయాయి. బుట్ట అటక మీదకెక్కింది.

ఇదంతా చెప్పడానికి వెళ్తే సింహాచలం బాబు నన్ను మెచ్చుకోలేదు. "ఆ కాయితం పారీకు" అన్నారంతే. ఆ ఏడే ఆయనకి పొట్టంగి అనే ఊరికి బదిలీ అయింది. మళ్ళీ నేను చూడలేదు. సోడి ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది, మావయ్య కంటే రెండేళ్ళు ఎక్కువ. ఆయన ఆఖరి రోజుల్లో ఆయన కాళ్ళ దగ్గరా అదే పడుకుంది. తరవాత మీ నాన్నకి కడుపునొప్పి పట్టుకున్నప్పుడూ, కొట్టు మారినప్పుడు గిరాకీ పడిపోయినప్పుడూ, ఇంట్లో తలో మాటా అంటుంటే నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. నాకు ఏది నిజమైతే బాగుణ్ణని ఉందో, దాన్నే ముందు అనుమానించాను.

నువ్వు నెల్లాళ్ళుగా తుమ్ముతున్నావు. మీ అమ్మ పాపం కొత్త సబ్బు తెచ్చింది, దుప్పట్లు మార్చింది, నేను కుట్టించిన దూది దిండు తీసెయ్యాలని నాతో చెప్పలేక దాని గలీబు మాత్రం ఉతికింది. అన్నీ ఒక్క రోజే. సబ్బూ దుప్పట్లూ ఎలా ఉన్నవి అలా ఉండనీ. నా దిండు ఒక్కటీ తీసి నా గదిలో పెట్టు, అమ్మీ. ఎనిమిది రోజులు చూద్దాం. కాగితం మీద ఇవాళ్టి తేదీ వెయ్యి.