రిజ్వానా వాళ్ల గులాబీ గోడ

జూన్ 2, ఆదివారం. పొద్దున ఫోన్ తెరవగానే నా చిన్ననాటి స్నేహితురాలు రిజ్వానా పెట్టిన ఫొటో కనబడింది. వాళ్ల బాత్రూం మళ్లీ కొత్తదైంది. లేత నీలం టైల్స్, అద్దం కింద చిన్న అర, కిటికీలో మనీప్లాంట్. నాకు కడుపు మండింది. ఈ మంట నాకు కొత్త కాదు.

దేవరుప్పులలో మా ఇళ్లు పక్కపక్కనే. తెలంగాణ కోసం సమ్మె జరిగిన రోజులు మీకు గుర్తున్నాయా? బడులు మూస్తే మా పిల్లలమంతా ర్యాలీల వెంట తిరిగాం. అప్పుడే రిజ్వానా వాళ్ల నాన్న స్నానాల గదికి గులాబీ రంగు వేయించాడు. మాకు ఉన్నది ఒక షాబాదు బండ, దాని చుట్టూ పాచి పట్టిన గోడ. "మా దాంట్ల అద్దం గూడ ఉన్నది" అని ఆమె అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు ర్యాలీలో చల్లగా మిగిలిన గులాబీ రంగు గులాలు తెచ్చి, సున్నంలో కలిపి గోడంతా పూశాను. ఆరాక మాదే బాగుందనిపించింది. రిజ్వానాను పిలిచేలోపే మా బాపు తన తెల్లంగిని ఆ గోడ మీద వేసి స్నానం చేశాడు. అదే తొడుక్కుని, సమ్మెవాళ్లంతా రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పుకు బయలుదేరాడు. వీపంతా గులాబీ.

"ఏంది మామా, ర్యాలీ ఇంట్లనే తీసినవా?" అన్నారు వాడకట్టువాళ్లు.

రిజ్వానా వచ్చి గోడను వేలితో గీసి చూసింది. "మాది గిట్ల చేతికి అంటదు" అంది.

ఆమె ఫొటోకు నేనింకా లైక్ కొట్టలేదు. రేపు పొద్దున మొదటి బస్సుకే జనగామ వెళ్లి, నీళ్లకు పోని రంగు కొంటాను. మా గోడకు ఒక పూత పడ్డాకే కొడతాను.