మాట్లాడించే మందు

నొప్పి బిళ్లలకు అలవాటుపడి మానలేనివాళ్లకు మందు ఇచ్చే కిటికీ వెనక ఆ నర్సు పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది. ఒక కాలు లాగితే బరువు రెండో కాలి మీదికి మారుస్తుంది. మందు నోట్లోనే దాచుకుని బయటికి పోయి అమ్ముకునేవాళ్లున్నారు కాబట్టి, సిరప్ తాగినవాళ్లు ఆమె ఎదుటే ఒక మాట మాట్లాడాలి. అందుకే గ్లాసు కింద పెట్టగానే, "ఇవాళ ఏం కూర?" అంటుంది. గొంతు తేటగా పలికితే చాలు, తల ఊపుతుంది. చూపు అప్పటికే వెనక మనిషి మీద ఉంటుంది. మాత్ర వాళ్ల సంగతి వేరు. అది నాలుక కింద కరిగేదాకా నోరు మెదపకూడదు. వాళ్లను బల్ల మీద కూర్చోబెడుతుంది.

నడుంనొప్పి బిళ్లలతో చెడిన లారీ డ్రైవర్ ఒకడు ఏళ్ల తరబడి సిరప్ తాగాడు. ఈమధ్యే డాక్టరు మాత్రకు మార్చాడు. ఇక రోజూ రానక్కర్లేదు, వారానికోసారి వచ్చి ఒకటి ఇక్కడ వేసుకుంటే మిగతావి ఇంటికి ఇచ్చి పంపుతారు. ఇవాళ అతను మాత్ర కరిగాక బల్ల మీంచి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, నన్ను మళ్లీ సిరప్‌కే మార్పించండి."

"ఏం, మాత్ర పడలేదా?"

"బాగానే పడింది. నిద్ర కూడా పడుతోంది."

"మరింకేం? హాయిగా ఇంట్లో వేసుకోక, రోజూ ఈ లైను ఎందుకు?"

"ఇంట్లో ఏం కూరని అడిగేవాళ్లు లేరమ్మా."

ఆమె అతని వంక చూసింది. ఇన్నేళ్లుగా అతను చెప్పిన కూరల్లో ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామనుకుంది. ఒక్కటీ రాలేదు.