అత్త పేరు మీద సోలార్ పెట్టె

ఇది సూర్యుడికీ మా అత్తకీ మధ్య ఏళ్ల తరబడి సాగిన యుద్ధగాథ. ఇందులో రాజ్యం ఉంది, సింహాసనం ఉంది, నిండు సభలో నిలబడి న్యాయం అడిగిన స్త్రీ ఉంది. పర్వాలు పర్వాలుగా చెప్పుకోవాల్సినంత ఉంది.

లేదు, అంత లేదు. రాజ్యమంటే పులికాట్ సరస్సు ఒడ్డున మా పల్లె. సింహాసనమంటే చేపలను చల్లగా ఉంచే ఒక సోలార్ పెట్టె. సభ జరిగింది వలలు బాగుచేసుకునే రేకుల పందిరి కింద. ఎండుచేపల వాసన మధ్య ఇతిహాసం పుట్టినట్టు నేనెక్కడా వినలేదు.

మా అత్త, అంటే నాన్న చెల్లెలు, చేపలమ్ముతుంది. మామ పోయాక ఆమె బతుకంతా ఆ తట్ట మీదే. పడవలు ఒడ్డుకొచ్చేసరికి ఎండెక్కుతుంది. అప్పుడు చేపలు కొని, తట్టలో ఐసు వేసుకుని, ఆటోలో దొరవారిసత్రం సంతకు వెళ్లాలి. ఈ మధ్య ఎండలు ఎంత ముదిరాయంటే, ఆటో దిగేసరికి ఐసు నీళ్లయ్యేది, చేపల కళ్లు తెల్లబడేవి.

"చేపకే కాదురా, నాకూ తెల్లబడతాండాయి కళ్లు" అనేది అత్త.

తెల్లకళ్ల చేపను కొనేవాడు ధర తనే చెబుతాడు. ఇలాగే సాగితే అత్తకు మిగిలేది కోట ఊరి వైపున్న రొయ్యల షెడ్డు. మా పల్లె ఆడవాళ్లు చాలామంది అప్పటికే అక్కడ రొయ్యల తలకాయలు తీసే పనికి పోతున్నారు. అత్తకు ఆ పనంటే భయం కాదు, రోషం.

"పొద్దస్తమానం తలకాయ వంచుకోని తలకాయలు తియ్యాలంట. ఈడ నేను ధర చెప్తే నలుగురు బేరమాడతారు. ఆడ నాకే ఎవుడో ధర కడతాడు. నేను పోను."

ఆ రోజుల్లోనే పథకం వచ్చింది. ఎండలకూ తుపాన్లకూ దెబ్బతింటున్న పేద ఊళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నిధి. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, ఎప్పుడు పిలిచినా ఊళ్లో దొరికే మనిషిని నేనే కాబట్టి నిబంధనలు చదివి వినిపించే గౌరవం నాకు దక్కింది. తప్పులు పట్టి నాలుగు జోకులు వేద్దామని కూర్చున్నాను. ఒక్క తప్పూ దొరకలేదు. మేలు నేరుగా అందరికన్నా వెనకబడిన ఇంటికే చేరాలన్నారు. ఆడమనిషే ఇంటిని లాగుతుంటే ఆమెకే ముందు ఇవ్వాలన్నారు. ఇచ్చిన వస్తువు ఊరు దాటకూడదు. దాన్ని ఎలా వాడుకోవాలో పైవాళ్లు శాసించకూడదు, ఊరి ఆచారాన్ని బట్టి ఊరే తేల్చుకోవాలి. ఎవరో మంచివాళ్లు రాశారు. ఏసీ గదిలో కూర్చునే రాసి ఉంటారు, అయినా మంచివాళ్లే.

ఆడమనిషి, ఒంటరిది, చేపలమ్మేది. మా ఊళ్లో ఆ మూడూ కలిసిన మనిషి మా అత్తే. పెట్టె ఆమె పేరు మీద వచ్చింది. ట్రాక్టర్ మీంచి దించి, పైన సోలార్ పలక బిగించి, కొబ్బరికాయ కొట్టారు. అత్త దానికి బొట్టు పెట్టింది. ఇక చేపలు రాత్రంతా అందులో ఉంచి, మర్నాడు చల్లటి వేళ బయల్దేరి సంతకు పోవచ్చు. ధర ఆమే చెప్పవచ్చు.

"నా పెళ్లిలో కూడా ఇంత హడావిడి లేదురా" అంది మురిసిపోతూ.

మర్నాడే ఊరి పెద్ద పందిరి కింద అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన నాకు పెద్దనాయన, అత్తకు అన్న వరస. ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. సరస్సులో చేప పడే చోట్లు కొన్నే. ఏ రోజు ఏ పడవ ఎక్కడ వల వేయాలో చీట్లు వేసి వంతులు పంచుకుంటాం. తాతల నాటి ఏర్పాటు. దాని పుణ్యమా అని మా ఊళ్లో చేపల కోసం తలలు పగల్లేదు. వంతు పడవ ఉన్న మగవాడిది. అతను పోతే కొడుకుది. కొడుకు లేకపోతే లేదు. అత్తకు కొడుకు లేడు.

"చెరువును పంచుకున్నట్టే పెట్టెనీ పంచుకుందాం. పడవకొక వారం" అన్నాడు పెద్దనాయన. "రేయ్, రూల్సులో ఏముండాదో చదువు."

ఊరి ఆచారాన్ని బట్టి ఊరే తేల్చుకోవాలని చదివాను.

"ఇన్నారా? గవర్నమెంటే చెప్పింది."

"పేరు అత్తది గదా పెద్దనాయనా?"

"ఎవురు కాదన్నారబ్బా? పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాం."

పందిరి బయట ఆడవాళ్లతో నిలబడ్డ అత్త లోపలికొచ్చింది. "నా పేరు మీదొచ్చిన పెట్టెలో నాకు వంతు లేదా అన్నా?"

"నీకు పడవ యాడుందమ్మా?"

"పెట్టెకు పడవెందుకన్నా? అదేమన్నా నీళ్లలో పోతాదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది. మా ఊళ్లో అందరూ నవ్వారంటే ఆ సంగతి అక్కడితో అయిపోయినట్టే. ఎర్ర రంగుతో అత్త పేరు మాత్రం నిజంగానే రాయించారు.

వేసవిలో తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. అత్తను పక్కకు పిలిచి మర్యాదగానే అడిగింది.

"పెట్టె మీ పేరు మీదే ఉందా అమ్మా?"

"ఉండాదమ్మా." ఆ అక్షరాలు రోడ్డు మీదికి కనిపిస్తున్నాయి.

"వాడకం ఎలాగో ఊరంతా కలిసే నిర్ణయించుకున్నారా?"

"ఊరే అమ్మా."

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్క అబద్ధమైనా దొర్లితే అత్తకు దారి దొరికేదేమో. మేడమ్ కాగితాలు సర్దుకుంటుంటే అత్త గొంతు సవరించుకుంది.

"నా వంతు మటుకు రాలేదమ్మా."

మేడమ్ పెద్దనాయన వైపు చూసింది. ఆయన దుర్మార్గుడు కాడు, కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "ఇస్తామమ్మా. పడవలన్నీ అయినాక ఆకర్న ఆమెదే."

మేడమ్ ముఖం తేటపడింది. వంతు ఉందా అన్నదే ఆమెకు కావాలి, ఎప్పుడన్నది ఎవరూ రాసుకోలేదు. ఫోటో కోసం అత్తను పెట్టె పక్కన నిలబెట్టి నవ్వమంది. తెల్లకళ్ల చేపను తాజాదని చెప్పేటప్పుడు ఎలా నవ్వుతుందో, అత్త అచ్చం అలాగే నవ్వింది.

వేసవంతా పెట్టె పడవల వాళ్ల ఇళ్ల ముందు తిరిగింది. అత్త ఐసు తట్టతోనే తిరిగింది. అమ్ముడుపోనివి తెచ్చి ఎండబెట్టేది. ఎండకు లోటు లేదు.

ఆమె వంతు కార్తీకంలో వచ్చింది. పెట్టెను ఆమె వాకిట్లోకి తోసుకొచ్చారు. చేతిలో ఉన్నదంతా పెట్టి, ఎప్పుడూ కొననంత మంచి రొయ్య కొని నింపింది. ఆ సాయంత్రమే వాయుగుండం పట్టింది. బ్యాటరీ ఒక పూట లాగింది. తర్వాత పచ్చ లైటు ఎర్రబడింది, ఆ ఎరుపూ ఆరిపోయింది. మూడు రోజులు మబ్బు విడవలేదు. వానకు రోడ్డు మునిగి ఆటోలూ రాలేదు.

మూత తీసి చెయ్యి పెట్టి చూసింది అత్త. "ఎచ్చగా ఉండాదిరా."

"నీ పేరు మటుకు చెరిగిపోలేదత్తా, మంచి రంగు" అన్నాను.

నా మాటకు ఎదురు మాట వెయ్యకుండా ఆమె ఎప్పుడూ ఊరుకోలేదు. ఆ రోజు రొయ్యలు గుంటలో పోసి, తట్ట కడిగి, గోడకు బోర్లించింది. వారం కాగానే పెట్టె మొదటి పడవ వాళ్లింటికి వెళ్లిపోయింది. అత్త రొయ్యల షెడ్డుకు పోయే పక్కింటామెను పిలిచి అక్కడి సంగతులు అడిగింది.

వ్యాన్ పొద్దున ఆరింటికి మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఆగుతుంది. క్యారేజీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.